ఒగ్గీండి సార్!

పోయిన వారం సంచికని పక్కింటివాళ్ళు పట్టుకుపోయి ఇంకా తిరిగివ్వని పాఠకుల కోసం రెండు ముక్కలు చెప్పి కథలోకి వెళ్తాను.

చోడవరం చెరుకు రైతు దాలినాయుడి ఒక్కగానొక్క కొడుకు పరదేశి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, విశాఖపట్నంలో ఈస్ట్ కోస్ట్ ఫ్లయింగ్ క్లబ్బులో చేరి విమానం నడపడం నేర్చుకున్నాడు. ముప్ఫై ఒక్క గంట ఎగిరాడు. ఇంకో పది గంటలు ఎగిరితే లైసెన్సు చేతికి వచ్చేది. అంతలో ఒక ఉదయం విమానం దిగుతూ దిగుతూ కూలిపోయింది. పరదేశికి గడ్డం చీరుకుంది. గురువు కెప్టెన్ కామేశానికి భుజం ఎముక విరిగింది. ఆ ఎముక అతుక్కోకముందే కామేశం రిపోర్టు తయారు చేయించి ఢిల్లీకి, పైవాళ్ళకి పంపాడు. శిష్యుడు భయపడి గాలిలో కంట్రోల్సు వదిలేశాడనీ, ఇలాంటి పిరికివాణ్ణి ఏ క్లబ్బూ గడప తొక్కనివ్వకూడదనీ దాని సారాంశం.

ఆ మాట అనకాపల్లి మీదుగా చోడవరం చేరడానికి రెండు రోజులు పట్టింది. పరదేశికి 'ఇమానం ఒగ్గేసినోడు' అని పేరు పడింది. మా వైపు వదిలెయ్యడాన్ని ఒగ్గెయ్యడం అంటారు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో దాలినాయుడు కనిపిస్తే చాలు, "ఒగ్గేసినోడి అయ్య వచ్చేడ్రా" అని నవ్వేవారు. ఆయన ముందు మార్కెట్టు మానేశాడు, తర్వాత మాట మానేశాడు, ఆ తర్వాత అన్నం మానేశాడు. మార్గశిరం వెళ్ళకుండానే పోయాడు.

తండ్రి పన్నెండో రోజు కాగానే పరదేశి బెజవాడ దగ్గర కొత్తగా పెట్టిన కృష్ణా ఫ్లయింగ్ స్కూలుకి దరఖాస్తు రాశాడు. పాత ముప్ఫై ఒక్క గంటనీ లెక్కలోకి తీసుకుని తనని చేర్చుకోమన్నాడు. ఆ స్కూలు పెద్ద గణపతిరావు యుద్ధంలో విమానాలు నడిపి రిటైరైన మనిషి. తిరుగు టపాలో జవాబు రాశాడు. "మీ పాత క్లబ్బు రిపోర్టు నా బల్ల మీద ఉంది. అది నిజమైతే నువ్వు నాకు వద్దు. అబద్ధమైతే రాసినాయన నా ఎదుట ఒప్పుకోవాలి. మాఘంలో ఒక కొత్త విమానం తీసుకోవడానికి వాల్తేరు వస్తున్నాను. అక్కణ్ణించి మీ ఊరు వస్తాను. ఆయన్ని నా ముందు కూర్చోబెట్టు."

కామేశాన్ని కూర్చోబెట్టడం ఎలాగని పరదేశి ఆలోచించక్కర్లేకపోయింది. మాఘ బహుళ పంచమి కామేశం తండ్రి తద్దినం. ఏటా ఆ రోజుకి ఆయన చోడవరంలో మేనత్త కనకవల్లి గారింటికి వస్తాడు. అవును, కామేశం పుట్టింది చోడవరంలోనే. పదేళ్ళప్పుడు మెడ్రాసు వెళ్ళాడు. అక్కడ చదివి, అక్కడ విమానం నేర్చుకుని, తాను ఫలానా ఊరి వాణ్ణని మర్చిపోవడానికి చాలా శ్రమపడ్డాడు. తద్దినం మాత్రం మర్చిపోనివ్వలేదు.

పంచమి వెళ్ళిపోయింది. ఇది షష్ఠి.

తెల్లవారినప్పటినించీ పరదేశి గానుగ దగ్గరే ఉన్నాడు. ఎద్దులు తిరుగుతున్నాయి. అతను రెండేసి మూడేసి చెరుకులు గానుగ నోటికి అందిస్తున్నాడు. ఈ పని చూడటానికి సులువు. కానీ చోడవరం చుట్టుపక్కల వేళ్ళు లేని చేతులు పాతిక చూపించగలను. గానుగ చెరుకుని పట్టుకోగానే మన చెయ్యి చెరుకుని వదిలెయ్యాలి. క్షణం ఆలస్యమైతే చెరుకుతో పాటు చెయ్యీ పోతుంది. అందుకని అక్కడ పనిచేసేవాళ్ళందరికీ ఒక అలవాటు. ఎవడి చెయ్యి కాస్త లోపలికి వెళ్తున్నట్టు కనిపించినా, దూరంగా బెల్లం పెనం దగ్గర ఉన్నవాడితో సహా అందరూ ఒక్క గొంతుతో "ఒగ్గీ!" అని అరుస్తారు. పెద్దవాడైతే "ఒగ్గీండి!" అంటారు. పరదేశి నడక నేర్చుకుంటూనే విన్న మాట అది. పడిపోతున్న విమానంలోనూ అతని నోటివెంట అదే వచ్చింది.

తల్లి అచ్చియ్యమ్మ కొడుక్కి చోడి అంబలి, అంటే రాగి అంబలి, తెచ్చింది. భర్త పోయిన తర్వాత ఆమె మనిషి సగమైంది గాని, మాట సగం కాలేదు.

"ఇయ్యాలేనా ఆ ఇమానాల బాబు వచ్చేది?" అంది.

"ఇయ్యాలే."

"ఆ కామేశంతోటి ఏటి మాటాడతావు?"

"నిజిం కక్కిస్తాను."

"కక్కినాక?"

పరదేశి అంబలి గ్లాసు కింద పెట్టాడు. "ఆణ్ణి ఈదిలో నిలబెడతాను. మా అయ్యని సూసి ఎలగ నవ్వేరో, ఆణ్ణి సూసి అలగ నవ్వాల. అప్పుడు గానీ నాకు నిద్దర పట్టదు."

"నీకు లైసెన్సు గావాలా, కచ్చ తీరడం గావాలా?"

"రెండూ గావాల."

"రెండూ ఒక్క బస్సులో రావు బాబూ. ఒకటెక్కితే రెండోది ఎల్లిపోద్ది." ఆమె గ్లాసు తీసి కొడుకు చేతిలో మళ్ళీ పెట్టింది. "మీ అయ్యకి నువ్వు లైసెన్సు తెస్తానని మాటిచ్చేవు. కామేశం సెయ్యి ఇరుస్తానని ఇవ్వలేదు."

పరదేశి అంబలి గటగటా తాగి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని, గణపతిరావు జీపుకి ఎదురెళ్ళడానికి బయల్దేరాడు.

కనకవల్లి గారిల్లు పాతకాలపు పెంకుటిల్లు. వీధి వైపు ఎత్తరుగులు, నడవలో పడక్కుర్చీ. ఆ కుర్చీలో కామేశం ఇంగ్లీషు పేపరు చదువుకుంటున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. నిన్న మొలకి పంచె కట్టి పిండాలు పెట్టిన మనిషి ఇవాళ ఇస్త్రీ పంట్లాంలోకి మారిపోయాడు. జీపు ఆగిన చప్పుడుకి తలెత్తి, అందులోంచి పరదేశి దిగడం చూశాడు. పేపరు మడతపెట్టాడు. పక్కనించి పొడుగ్గా, తెల్ల మీసాలతో, నిటారుగా దిగిన పెద్దమనిషిని చూసి లేచి నిలబడ్డాడు. అలాంటి నడకకి లేచి నిలబడటం ఆయనకి అలవాటు.

"గణపతిరావు. కృష్ణా ఫ్లయింగ్ స్కూల్" అన్నాడు వచ్చినాయన. "పిలవని పేరంటానికి వచ్చాను, క్షమించాలి. మీ రిపోర్టు గురించి రెండు ప్రశ్నలు అడిగి వెళ్ళిపోతాను."

"విత్ ప్లెజర్. కూర్చోండి, కూర్చోండి. అత్తయ్యా, కాఫీ!"

గణపతిరావు అరుగు మీద కూర్చుని సంచిలోంచి కాయితాలు తీశాడు. పరదేశి కూర్చోలేదు. కూర్చోమని ఎవరూ అనలేదు కూడా.

"ముందు నువ్వు చెప్పవయ్యా" అన్నాడు గణపతిరావు. "విమానం ఎలా కూలింది? నీ తప్పుతో మొదలుపెట్టు."

ఆ చివరి మాటకి పరదేశికి ఆయన మీద గౌరవం కలిగింది. "నా తప్పు ఉంది సార్. సక్రాలు గట్టిగా తగిలించేను. ఇమానం బంతిలాగ పైకి లేచిపోనాది. అలగ లేస్తే ముక్కు కొంచెం దించి, ఇంజను పెంచి, మళ్ళీ ఓ సుట్టు తిరిగొచ్చి దిగాల. నేను అదే సేస్తన్నాను. ఈయన ముందు సీట్లో కర్ర పట్టుకుని పొట్టలోకి లాగేసేరు."

ఇక్కడ పాఠకులకి ఒక్క ముక్క చెప్పాలి. నేర్పే విమానంలో సీట్లు రెండు, ముందు గురువు, వెనక శిష్యుడు. ఇద్దరి కాళ్ళ మధ్యా విమానాన్ని నడిపే కర్ర చెరొకటి ఉంటుంది; లాగితే విమానం ముక్కు పైకి లేస్తుంది, తోస్తే కిందికి దిగుతుంది. ఆ రెండు కర్రలూ ఒకదానికొకటి కట్టేసినవే. ఒకరు బిగబట్టి లాగితే రెండోవారు ఎంత తోసినా కదలదు. ఇంజను హోరులో మాట్లాడుకోవడానికి ఇద్దరి మధ్యా ఒక రబ్బరు గొట్టం ఉంటుంది.

"నేను ముందుకి తోస్తన్నాను, ఈయన ఎనక్కి లాగతన్నారు" అన్నాడు పరదేశి. "గొట్టంలో అరిసేను. 'ఒగ్గీండి సార్, ఒగ్గీండి' అన్నేను. నాలుగుసార్లన్నేను. ఒగ్గలేదు. ఇమానం ముక్కు ఆకాశంలోకి లేచి, జోరు సచ్చిపోయి, ఎడం రెక్క మీద ఒరిగిపోనాది."

గణపతిరావు కామేశం వైపు తిరిగాడు. "మీరు?"

కామేశం ఏమాత్రం తడబడలేదు. ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని జవాబు తోమి పెట్టుకున్నవాడిలా మాట్లాడాడు. "అతను అరిచిన మాట వాస్తవం. నేను దాచలేదే! రిపోర్టులోనే రాశాను, చూడండి. క్యాపిటల్ లెటర్స్‌లో ఉంది."

ఉంది. గణపతిరావు కాయితం దూరంగా పెట్టి చదివాడు. ఓ, జీ, జీ, ఐ, ఎన్, డీ, ఐ.

"ఒగ్గింది అన్నాడు" అన్నాడు కామేశం. "నాకు అర్థం కాలేదు. తర్వాత మా క్లబ్బు నౌకర్ని అడిగితే, వదిలింది అని అర్థమండీ అన్నాడు. అంటే ఏమిటి? కర్ర అతని చేతిలోంచి వదిలింది. అతనే గొట్టంలో చెప్పుకున్నాడు. కనక నేను అందుకున్నాను. అప్పటికే ఆలస్యమైంది."

"ఒగ్గింది కాదు సార్! ఒగ్గీండి! మిమ్మల్ని ఒగ్గీమన్నాను!"

"ఈ రెంటికీ తేడా నాకెలా తెలుస్తుందయ్యా?" కామేశం చేతులు చాపాడు. "నేను మెడ్రాసులో పెరిగినవాణ్ణి. మీ పొలాల భాష నాకు రాదు."

చూశారా తమాషా! ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే రెండు మాటలూ ఒకటే. ఢిల్లీలో ఆ కాయితం చదివినవాళ్ళకి 'డి'కీ 'ది'కీ మధ్య ఒక మనిషి బతుకు ఇరుక్కుందని ఎలా తెలుస్తుంది? ఆడలేక మద్దెల ఓడు అన్నవాణ్ణి చూశాం గాని, అచ్చుల మీదా హల్లుల మీదా నేరం పెట్టి తప్పుకున్నవాణ్ణి నేను ఇతన్నే చూశాను.

గణపతిరావు చాలాసేపు మీసం నిమురుకున్నాడు. "మాది తెనాలి. మా వైపు ఈ మాటే లేదు" అన్నాడు చివరికి. "నాకు తేలాల్సింది ఒక్కటే. కెప్టెన్ గారికి ఆ మాట తెలీకపోతే, ఆయన విన్నది ఆయన రాశారు. రిపోర్టు నిలుస్తుంది. తెలిసి కూడా వదల్లేదంటే ఆయన అబద్ధం ఆడినట్టు. తెలుసని నువ్వు రుజువు చెయ్యగలవా పరదేశీ?"

అప్పుడే కనకవల్లి గారు కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. పరదేశి ఆవిడ కళ్ళల్లోకి చూశాడు. ఆవిడకి మొత్తం వినపడింది. ఆవిడకి తెలుసు. తెలిసిన మనిషి ముఖం ఎలా ఉంటుందో అలాగే ఉంది. కానీ ఆవిడ గ్లాసులు అరుగు మీద పెట్టి, తల వంచుకుని, గుమ్మం పక్కకి ఒదిగిపోయారు. మేనల్లుడికి వ్యతిరేకంగా మాట్లాడే మనిషి కాదు. ఆవిణ్ణి తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

పరదేశికి ఒళ్ళంతా మండింది. రుజువు ఎక్కణ్ణించి తేవాలి? గాలిలో అరిచిన మాటకి సాక్ష్యం ఎవరు చెబుతారు? అనకాపల్లి మార్కెట్టు వాళ్ళ నవ్వు చెవుల్లో వినిపించింది. గోడ వైపు తిరిగి పడుకున్న తండ్రి వీపు కనిపించింది. కామేశం కాఫీ ఊదుకుంటున్నాడు. ఆ ఊదుకోవడం చూశాక పరదేశి మనసులో ఒక ఆలోచన పుట్టింది. అది మంచి ఆలోచన కాదు.

అతను నవ్వాడు. "సరే సార్" అన్నాడు. "తెలీని మాటకి తప్పేటుంది? నేనే పొరపాటు పడ్డాను. మనసులో ఎట్టుకోకండి. సెయ్యియ్యండి, ఎల్లిపోతాను."

గణపతిరావు ఆశ్చర్యపోయి చూశాడు. కామేశం ముఖం వికసించింది. గ్లాసు కింద పెట్టి, దొరలా లేచి, కుడిచెయ్యి చాపాడు. "దట్స్ ది స్పిరిట్! గెలుపోటములు ఎలా తీసుకోవాలో నేర్చుకున్నావు."

పరదేశి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

పరదేశిది ఏడో ఏట నించీ చెరుకు నరికిన చెయ్యి. పాకం కుతకుతలాడుతుంటే రోజంతా తెడ్డు తిప్పిన చెయ్యి. కామేశం ఒకసారి ఊపాడు, రెండుసార్లు ఊపాడు, వెనక్కి తీసుకోబోయాడు. రాలేదు.

"చాల్లేవయ్యా" అన్నాడు నవ్వుతూనే.

పరదేశి కూడా నవ్వుతూనే కొంచెం బిగించాడు.

"ఏయ్... చాలన్నాను. లీవ్ మై హేండ్."

"ఏటి సార్? నాకు ఇంగిలీసు అంత రాదు."

"లీవిట్, మేన్! విడువయ్యా! అయ్యో... విడుడా, విడుడా!"

"అరవం అసలు రాదు సార్."

ఇంకొంచెం బిగించాడు. కామేశం మోకాళ్ళు వంగాయి. నుదుటి మీద చెమట పట్టింది. ఇంగ్లీషు అయిపోయింది, అరవం అయిపోయింది. మెడ్రాసులో పట్టించిన పాలిషంతా ఒక్కొక్క పొరే ఊడిపోయింది. అప్పుడు ముప్ఫై ఏళ్ళ కింద ఈ వీధిలో ధూళిలో పొర్లిన పిల్లాడు ఆ పెద్దమనిషి గొంతులోంచి బయటికొచ్చాడు.

"ఓలమ్మో! ఒగ్గీరా! ఒగ్గీ! ఒరే గుంటడా, నీకు దండం ఎడతాన్రా, ఒగ్గీ!"

గణపతిరావు కాఫీ గ్లాసు తాగకుండానే కింద పెట్టేశాడు. ఆ మాటకి అర్థం ఇంక ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

పరదేశి గెలిచాడు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. చెయ్యి వదిలేసి, "విన్నారా సార్?" అని ఒక్క మాట అంటే అక్కడితో సరిపోయేది. కానీ అతను వదల్లేదు. వదలాలనిపించలేదు. మార్కెట్లో నవ్విన ఒక్కొక్క నవ్వుకీ ఒక్కొక్క నొక్కు నొక్కాడు. కామేశం మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "ఒగ్గీ, ఒగ్గీ" అంటూనే ఉన్నాడు. అంత హాయి పరదేశికి ఈ మధ్యకాలంలో ఎప్పుడూ కలగలేదు. నిజం చెప్పాలంటే రాస్తున్న నాక్కూడా కాస్త హాయిగానే ఉంది.

"వదిలెయ్ నాయనా! చాలు, వదిలెయ్!" అంటూ కనకవల్లి గారు గుమ్మం దాటి వచ్చారు.

"పరదేశీ, వదులు" అన్నాడు గణపతిరావు. అతనికి వినపడలేదు. "వదులు!" అని రెండోసారి మిలిటరీ గొంతుతో అరిచాడు. చెట్టు మీద కాకులు లేచిపోయాయి. అప్పుడు వదిలాడు.

కామేశం చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయాడు. వేళ్ళు కందిపోయి ఉబ్బుతున్నాయి. కనకవల్లి గారు పక్కన కూర్చుని కొంగుతో విసురుతూ, విసురుతూనే ఏడుస్తూ, అన్నారు: "నీకు ఆ మాట తెలీదంటావుట్రా కామూ? పాలేళ్ళ పిల్లల్తో ఆడి ఆడి ఆ మాట పట్టుకొచ్చేవని మీ నాన్న నీచేత గోడకుర్చీ వేయించలేదూ? నేను అడ్డం వచ్చి నన్ను కూడా తిట్టించుకోలేదూ? ఎందుకురా ఈ అబద్ధం?"

కామేశం నేల చూస్తూ అన్నాడు. "అర్థమైంది. నాలుగుసార్లూ అర్థమైంది. నా చేతులు రాలేదు. బిగుసుకుపోయాయి. పదేళ్ళుగా నేర్పుతున్నవాణ్ణి, నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు వదలమంటే..." మిగతాది మింగేశాడు.

"ఆ ముక్క బజార్లో నిలబడి సెప్పండి" అన్నాడు పరదేశి. "మా అయ్యని నవ్వినోళ్ళందర్నీ పిలుస్తాను. ఆళ్ళ ముందర సెప్పండి. అప్పుడు సరిపోద్ది."

"బజారు అక్కర్లేదు. నా చెవులు చాలు" అన్నాడు గణపతిరావు. పాత రిపోర్టు మీద అడ్డంగా జరిగిన నిజం రాసి, కామేశం ముందు పెట్టాడు. కామేశం ఎడమచేత్తో సంతకం చేశాడు. "పరదేశీ, నీ మీద పడ్డ మచ్చ పోయింది. నీ ముప్ఫై ఒక్క గంటా నిఖార్సయినవి. ఇక ఎవరూ కాదనలేరు."

పరదేశికి గుండెల మీద బరువు దిగిపోయినట్టయింది. జారబోయిన కన్నీళ్ళని భుజంతో తుడుచుకున్నాడు. "ఎప్పుడు సేరమంటారు సార్? రేపొచ్చీమంటే రేపే వచ్చెస్తాను."

"నేను నిన్ను చేర్చుకోను."

పరదేశి తను సరిగ్గా విన్నాడో లేదో అనుకుంటూ నిలబడ్డాడు.

"ఇందాక ఆయన ఎన్నిసార్లు అరిచాడు?" అన్నాడు గణపతిరావు.

"లెక్కెట్టలేదు సార్."

"నేను పెట్టాను. తొమ్మిదిసార్లు. నువ్వు నాలుగుసార్లు అరిస్తే ఆయన వదల్లేదు. ఆయన తొమ్మిదిసార్లు అరిస్తే నువ్వు వదల్లేదు. ఆయన భయంతో బిగుసుకున్నాడు, నువ్వు కసితో బిగుసుకున్నావు. విమానానికి ఏదైనా ఒకటేనయ్యా. రెండూ కూలుస్తాయి."

"ఈయన మూలాన మా అయ్య సచ్చిపోనాడు సార్!" పరదేశి అరిచాడు. "మీకేటి తెలుసు! మా అయ్య గోడేపు తిరిగి పడుకుని నలభై రోజులు ఒక్క మాట ఆడలేదు. ఆ నలభై రోజులూ నాకు ఎవడు తిరిగిస్తాడు?"

"ఎవడూ ఇవ్వడు" అన్నాడు గణపతిరావు. ఆయన గొంతు కొంచెం తగ్గింది. "అందుకే ఊరికే పొమ్మనడం లేదు. కసిని వదలగలవని నాకు చూపించు. వాల్తేరులో నా కొత్త విమానం సిద్ధంగా ఉంది. రేపు ఉదయం ఏడింటికి నువ్వు వెనక సీట్లో కూర్చో. ముందు సీట్లో కెప్టెన్ గారు కూర్చుంటారు. ఆయన సీట్లో కర్ర ఊడదీసి నా దగ్గర పెట్టుకుంటాను. ఆయన చేతిలో ఏమీ ఉండదు. మూడు చుట్లు తిరిగి మూడుసార్లు దింపు. విమానం నాది, పూచీ నాది. చక్కగా దింపావంటే అక్కడే నిన్ను చేర్చుకుంటాను."

"నో!" కామేశం గోడ పట్టుకుని లేచాడు. "వీడితోనా? కర్ర లేకుండానా? మీకేమన్నా మతిపోయిందా?"

"మీకు ఇంకో దారీ ఉంది. ఇప్పుడు మీరు సంతకం పెట్టిన కాయితం ఈ సాయంత్రం టపాలో ఢిల్లీకి పోతుంది. వారం తిరిగేసరికి మీ లైసెన్సు ఉండదు. రేపు ఎక్కితే, దాన్ని ఎలా పంపాలో మనం ఇద్దరం కూర్చుని మాట్లాడుకుందాం. ఏదో ఒకటి తేల్చుకోండి."

కామేశం పడక్కుర్చీలో కూలబడ్డాడు. ఎక్కుతాననలేదు, ఎక్కననలేదు. విమానం తప్ప ఆయనకి ఇంకో బతుకు తెలీదు. ఆ సంగతి గణపతిరావుకి తెలుసు.

గణపతిరావు జీపు వైపు నడిచాడు. పరదేశి కదల్లేదు. మనసులో లెక్క వేసుకుంటున్నాడు. మూడు చుట్లు. ఎనిమిది వందల అడుగుల ఎత్తు. ముందు సీట్లో, చెయ్యి చాపితే అందేంత దూరంలో, తోలు టోపీ కింద ఆ తలకాయ. చేతిలో కర్ర లేదు. కింద సముద్రం. ఆ నలభై రోజులూ దేవుణ్ణి ఏది కావాలని అడిగాడో, అది ఇవాళ తెల్ల మీసాలాయన పళ్ళెంలో పెట్టి ఇచ్చాడు. లైసెన్సు కూడా అదే పళ్ళెంలో ఉంది. రెంట్లో ఒకటే తీసుకోవాలి.

కనకవల్లి గారు మెట్లు దిగి వీధిలోకి వచ్చారు. భర్త పోయిన తర్వాత ఆవిడ పగటిపూట ఆ మెట్లు దిగడం ఊరివాళ్ళు చూడలేదు. పరదేశి ముందు నిలబడి రెండు చేతులూ జోడించారు.

"ఏ ముఖం పెట్టుకుని అడగమంటావు నాయనా, వాడు చేసింది తప్పే. అయినా అడుగుతున్నాను. నాకు మిగిలింది వాడొక్కడే. రేపు వాణ్ణి క్షేమంగా కిందికి దింపుతావా?"

పరదేశి ఆవిడ జోడించిన చేతుల వైపు చూశాడు. తర్వాత చాలా మర్యాదగా అన్నాడు.

"పైకెల్లిన ఇమానం కిందికి రాక మానదమ్మా."

ఆవిడ కళ్ళు తుడుచుకుని, "చల్లగా ఉండు బాబూ" అని దీవించి మెట్లెక్కారు. పరదేశి వెనక్కి చూడకుండా వెళ్ళి జీపెక్కాడు. కుర్చీలో కామేశం ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.

"అత్తయ్యా" అన్నాడు, "వాడు నీ ప్రశ్నకి జవాబు చెప్పలేదు."